‘లీవ్’ అనే చిన్నమాట
(ప్రసంగ పాఠం)

ఇంగ్లీషులో పెద్దమాట ఎదురైతే మనం జాగ్రత్తపడతాము. నిఘంటువు తెరుస్తాము, లేదా తెలిసినవారిని అడుగుతాము. చిక్కు తెచ్చిపెట్టేవి చిన్నమాటలు. అవి దినమంతా మన నోళ్ళలో నలుగుతూ ఉంటాయి గనుక వాటి అర్థమేమిటని ఎవరూ ఆలోచించరు. ‘లీవ్’ అటువంటి మాట. బడిపిల్లవాడు మొదలుకొని పింఛను పుచ్చుకొనే ఉద్యోగి వరకు ఆ మాట పలుకనివారు లేరు. ఉర్దూ మాతృభాషగా గల ఒక యువకునికి ఆ మాటను వివరించి చెప్పవలసిన అవసరం మాకు ఒకసారి కలిగినది. అతనికి చెప్పబోయి మేమే కొంత నేర్చుకొన్నాము. ఆ సంగతిని ఈ ప్రసంగంలో శ్రోతలకు మనవి చేస్తాము.

హైదరాబాదు నగరానికి ఉత్తరాన, నర్సాపూర్ వెళ్ళే రోడ్డు మీద సూరారం ఉన్నది. ఒకప్పుడది పల్లె. పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరిగిన కొద్దీ పొలాలు పోయి ఇండ్లు వచ్చినవి, ఇండ్ల వెంట అద్దెగదులు వచ్చినవి. 2016లో జిల్లాలను పునర్విభజించినప్పుడు ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో సూరారం చేరినది. ఉదయం షిఫ్టు వేళ అక్కడి చౌరస్తాలో నిలిచి వింటే తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపిస్తాయి. మాటలు ఏ భాషవైనా వాటి నడుమ ‘షిఫ్టు’, ‘ఓటీ’, ‘కాంట్రాక్టు’, ‘లీవ్’ అనే నాలుగు ఇంగ్లీషు మాటలు మాత్రం అందరికీ ఉమ్మడి.

కొన్ని యేళ్ళ క్రిందట ఒక సాయంకాలం కార్మికుల మాటలు ధ్వనిముద్రణ చేసుకొనుటకై మేము అక్కడికి వెళ్ళినాము. పని ముగించి యంత్రం సర్దుకొంటూ ఉండగా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు ఒకడు సంకోచిస్తూ దగ్గరకు వచ్చాడు. అతని వెంట నెరసిన మీసాల లేతు పనివాడు ఒకాయన ఉన్నాడు. “చూపించు తమ్మీ, రేడియో వాళ్ళు చదువుకున్నోళ్ళు, చెప్తరు” అని ఆయన ధైర్యం చెప్పాడు. కుర్రవాడు జేబులోనుంచి మడత నలిగిన కాగితం తీసి మా చేతికిచ్చాడు. అది అతడు పనిచేసే చిన్న కార్ఖానాకు తాను వ్రాసుకొన్న అర్జీకి నకలు. అందులో ఉన్నవి ఇంగ్లీషులో మూడే ముక్కలు: “సర్, ఐ లీవ్ ఫ్రమ్ మండే. సిస్టర్ మ్యారేజ్. థాంక్ యూ.”

జహీరాబాదులో చెల్లెలి నికాహు. సోమవారం నుంచి సెలవు కావలెనని అతడు అడిగినాననుకొన్నాడు. టైము ఆఫీసులోని గుమాస్తా చదివినది వేరు. ‘సోమవారం నుంచి నేను విడిచిపోతున్నాను’ అని ఉన్నది గనుక పని మానేస్తున్నాడని వ్రాసుకొన్నాడు. ఎనిమిది రోజుల తరువాత కుర్రవాడు తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర అతని కార్డు లేదు. అతని స్థానంలో మరొకరు చేరి పనిచేస్తున్నారు.

“మైఁ ఛుట్టీ బోలా సాబ్, నౌక్రీ నక్కో నై బోలా” అన్నాడు మాతో. సెలవన్నాను గాని ఉద్యోగం వద్దనలేదు గదా అని అతని మొర.

గుమాస్తాను నిందించుట సులభం. కాని ఆ కాగితం మీద ఉన్న అక్షరాలకు అర్థం అతడు చదివినదే. కుర్రవాని మనసులో ఉన్న అర్థం కాగితం మీదికి రాలేదు. అది ఎక్కడ తప్పిపోయినదో కనుగొనవలెనంటే అతడు ఉర్దూలో ఎట్లా ఆలోచించాడో చూడవలె.

ఉర్దూలో సెలవుకు వాడుకమాట ‘ఛుట్టీ’. ‘ఛూట్‌నా’ అనగా వదలబడుట, విడుదల యగుట. ఆ క్రియనుండి పుట్టినది ఛుట్టీ. దానికి తోడబుట్టిన సకర్మక క్రియ ‘ఛోడ్‌నా’ అనగా వదలుట. కనుక ఉర్దూ మాట్లాడేవాని మనసులో సెలవు, వదలుట ఒకే కుటుంబంలోని మాటలు. బడి వదిలితే ఛుట్టీ, పని వదిలితే ఛుట్టీ. అంతేకాదు, యజమాని ఎవరినైనా తీసివేస్తే ‘ఉస్ కీ ఛుట్టీ కర్ దీ’ అని అంటారు. అప్పుడు ఆ మాటే ఉద్వాసన యగును. ఇక ఇంగ్లీషులో ‘లీవ్’ అంటే ఛుట్టీ అని అతడు విన్నాడు; ‘లీవ్’ అంటే ఛోడ్‌నా అని బడిలో చదివాడు. తన భాషలో ఆ రెండూ చుట్టాలే గనుక ఇంగ్లీషులోనూ చుట్టాలే అనుకొన్నాడు. ఆ ఊహలో తెలివితక్కువ ఏమీ లేదు. దెబ్బతిన్నది ఆ ఊహవల్లనే.

ఎందుకనగా ఇంగ్లీషులో ఈ రెండు ‘లీవ్’లకు బంధుత్వం లేదు. వేయి సంవత్సరాల నాటి ప్రాచీన ఆంగ్లంలో అవి రెండు వేర్వేరు మాటలు. ఒకదానికి ‘అనుమతి’ అని అర్థం. మరొకదానికి ‘మిగిలి ఉండనిచ్చుట, వెనుక ఉంచిపోవుట’ అని అర్థం. కాలక్రమాన ఉచ్చారణలు అరిగి అరిగి రెండూ ఒకే రూపానికి వచ్చినవి. మన తెలుగులో ‘అల’ అంటే కెరటమూ, ‘అల’ అంటే ‘ఆ’ అనీ ఉన్నట్లే. జర్మను భాషలో వీటి దాయాదులు ఇంకా వేరువేరుగానే నిలిచి ఉన్నవి. అనుమతించుటకు ‘ఎర్లౌబెన్’ అంటారు. సెలవుకు ‘ఉర్లౌబ్’ అంటారు. ఇవి మొదటి ‘లీవ్’కు చుట్టాలు. నిలిచి ఉండుటకు ‘బ్లైబెన్’ అంటారు. అది రెండవ ‘లీవ్’కు చుట్టం.

కాబట్టి ఉద్యోగి అడిగే ‘లీవ్’కు మూలార్థం విశ్రాంతి కాదు, వేడుక కాదు, వదలుట అసలే కాదు. అనుమతి. అది ఒకరు అడుగగా మరొకరు ఇచ్చేది. సుప్రీంకోర్టులో ‘స్పెషల్ లీవ్ పిటిషన్’ అనే మాటను పత్రికలలో చూస్తూ ఉంటాము. న్యాయమూర్తులు సెలవులో ఉన్నప్పుడు వేసే అర్జీ అని దానికి అర్థం చెప్పిన పెద్దమనిషిని మేమెరుగుదుము. రాజ్యాంగం 136వ అధికరణం క్రింద అప్పీలు చేసుకొనుటకు ప్రత్యేకానుమతి కోరే అర్జీ అది. బొంబాయి వైపు ఇండ్లు అద్దెకిచ్చేటప్పుడు వ్రాసుకొనే ‘లీవ్ అండ్ లైసెన్స్’ పత్రంలోనూ ‘లీవ్’ అనగా అనుమతే.

ఇంతవరకు చెప్పగా ఆ కుర్రవాడు తల ఊపుతూనే ఉన్నాడు గాని, ముఖంలో వెలుగు కనబడలేదు. ప్రాచీన ఆంగ్లమూ, జర్మనూ అతనికేమి పనికివస్తాయి? అప్పుడు మాకు అతని మాటే ఒకటి స్ఫురించినది. “చెల్లెలి పెండ్లిలో చివరి ఘట్టాన్ని మీరేమంటారు?” అని అడిగినాము. “రుఖ్సతీ” అన్నాడు. “దఫ్తరులో సెలవును పెద్దవాళ్ళు ఏమంటారు?” అన్నాము. ఒక్క క్షణం ఆగి “రుఖ్సత్” అన్నాడు. అని తనంత తానే నవ్వాడు.

‘రుఖ్సత్’ అరబ్బీ భాషనుండి ఉర్దూలోనికి వచ్చిన మాట. దాని మూలార్థం అనుమతి, సడలింపు. ఇస్లాం ధర్మశాస్త్రంలో అది పారిభాషిక పదం. ప్రయాణంలో ఉన్నవాడు నాలుగు రకాతుల నమాజును రెండింటికి కుదించుకొనవచ్చును. జబ్బుపడినవాడు ఉపవాసాన్ని మరొక దినానికి వాయిదా వేసుకొనవచ్చును. ఇటువంటి వెసులుబాట్లకు రుఖ్సత్ అని పేరు. విధి రద్దు కాలేదు, విధిని విధించినవారే కొంత సడలించారు అని దాని భావం. ఆ అర్థం మీదనే ఉద్యోగి సెలవుకు ఆ పేరు వచ్చినది. ఆకస్మిక సెలవును ‘ఇత్తెఫాఖీ రుఖ్సత్’ అంటారు. వెళ్ళివచ్చేవాడు పెద్దల వద్ద అనుజ్ఞ తీసుకొనుటను ‘రుఖ్సత్ లేనా’ అంటారు. ఆడపిల్లను పుట్టింటివారు సాగనంపుట రుఖ్సతీ.

ఇప్పుడు శ్రోతలు మన తెలుగుమాటను జ్ఞాపకం చేసుకొనవలె. ‘సెలవు’ అంటే ఆదివారపు విశ్రాంతి అని పిల్లలనుకొంటారు. పెద్దల వాడుకలో సెలవు అనగా అనుమతి, ఆజ్ఞ. “తమ సెలవైతే వెళ్ళివస్తాను” అంటాము. పెద్దలు ఏదైనా పలికితే “సెలవిచ్చారు” అంటాము. వీడ్కోలు వేళ “సెలవు” అంటాము. అనుమతి, వీడ్కోలు, పనికి విరామం అనే మూడు అర్థాలూ ఇంగ్లీషు ‘లీవ్’లో ఉన్నవి, ఉర్దూ ‘రుఖ్సత్’లో ఉన్నవి, తెలుగు ‘సెలవు’లో ఉన్నవి. ఒకరినొకరు చూచి వ్రాసుకొన్నవి కావు. ఒకరి క్రింద పనిచేసే మనిషి ఎక్కడైనా వెళ్ళేముందు అడిగి వెళ్ళవలసినదే గనుక మూడు భాషలవారూ మూడు త్రోవలలో వచ్చి ఒకే చోట కలిసినారు. అన్నట్టు పొరుగు తమిళంలో ‘సెలవు’ అంటే ఖర్చు. సెలవు మీద వెళ్ళివచ్చిన ఏ ఉద్యోగినడిగినా ఆ అర్థం కూడ సరియైనదేనని చెబుతాడు.

ఆ లేతు పనివాడు మధ్యలో అందుకొని, “మేమైతే రజా అంటం” అన్నాడు. ఆ మాట చాల విలువైనది. ‘రజా’ అరబ్బీలో సమ్మతి, ఇష్టము. ఆ సమ్మతి అర్థమే ముదిరి సెలవు అయినది. ‘రాజీ’ అదే ధాతువునుండి వచ్చినది, సమ్మతించినవాడు రాజీ. ‘రాజీనామా’ కూడ ఆ యింటిదే. ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలూ సమ్మతించి వ్రాసుకొన్న పత్రం. అదే మాట తెలుగులోనికి వచ్చి ఉద్యోగం వదలుకొనే పత్రమైనది. దానికి ఉర్దూలో ‘ఇస్తీఫా’ అంటారు. ఇంగ్లీషులో రెండు వేర్ల మాటలు ఒకే రూపం దాల్చి మనలను తికమక పెడితే, మన తెలుగులో ఒకే వేరునుండి పుట్టిన రెండు మాటలలో ఒకటి సెలవయినది, మరొకటి ఉద్యోగ విసర్జనమైనది. సూరారం కుర్రవాడు రజా అడిగితే కాగితం రాజీనామా అయినదని చెప్పితే సంగతంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది.

ఇక్కడ మన ప్రాంతపు చరిత్ర కొంత తలచుకొనవలె. హైదరాబాదు రాజ్యంలో 1880ల దశకంలో ఫారసీకి బదులు ఉర్దూ రాజభాష అయినది. 1917లో అనువాద సంస్థ ‘దారుల్ తర్జుమా’ ఏర్పడినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనది. వైద్యం, ఇంజనీరింగు, న్యాయం మొదలైన శాస్త్రాలను ఉర్దూలో బోధించుటకు వేలకొలది ఇంగ్లీషు మాటలకు ఉర్దూ మాటలు నిర్మించినారు. పదనిర్మాణ సూత్రాలపై వహీదుద్దీన్ సలీం వ్రాసిన ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ 1921లో వెలువడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ పర్యవేక్షణలో తయారైన ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువు 1937లో వచ్చినది. అది సామాన్యమైన కృషి కాదు. ఆమ్లజనికీ, త్రికోణమితికీ ఉర్దూలో మాటలు దొరికినవి. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారినది, దఫ్తరులు మారినవి. తాత రుఖ్సత్ కొరకు చక్కని ఉర్దూలో దరఖాస్తు వ్రాసిన చోట, మనుమడు తనకు రాని ఇంగ్లీషులో మూడు ముక్కలు వ్రాయవలసి వచ్చినది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికారభాషగా చేసినది. కాని కార్ఖానా గేటు దగ్గరి అర్జీ సంగతి వేరు. అక్కడ గౌరవం కొరకు ఇంగ్లీషే వ్రాయవలెనని అందరి నమ్మకం.

ఒక మాటను పొరపాటుగా వ్రాసినంతలో ఇంత కష్టమా అని శ్రోతలు అనుకొనవచ్చును. న్యాయస్థానాల చరిత్ర చూస్తే ఈ రెండు ‘లీవ్’ల నడుమ ఎందరి జీవనాలు ఊగిసలాడినవో తెలుస్తుంది. మదరాసులోని బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లులో ఒక నియమం ఉండేది. ‘లీవ్’ లేకుండ వరుసగా ఎనిమిది పనిదినాలు రానివాడు కొలువు ‘లీవ్’ చేసినట్లే భావింపబడునని దాని సారాంశం. మొదటి మాట అనుమతి, రెండవ మాట విడిచిపోవుట. రెండూ ఒకే నియమంలో. 1957 జనవరిలో కొద్దిదినాలు సెలవు తీసుకొని గడువుకు తిరిగిరాని ఒక కార్మికుని వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. కొలువు విడిచిపోవుట సామాన్యంగా ఆ మనిషి ఉద్దేశాన్ని బట్టి తేల్చవలసిన విషయమని న్యాయస్థానం చెప్పినది; అయినా మిల్లు నియమం స్పష్టంగా ఉన్నదనే కారణాన మిల్లు పక్షమే నెగ్గినది. మూడు దశాబ్దాల తరువాత, 1993లో, అటువంటి నియమం మీదనే వచ్చిన మరొక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు వేరువిధంగా తీర్పు చెప్పినది. గైరుహాజరైనాడని పేరు కొట్టివేయుటకు ముందు ఆ కార్మికుడు చెప్పుకొనేది వినవలె, విచారణ జరుపవలె. లేకుంటే అది సహజన్యాయానికి విరుద్ధమన్నది. అతనిని సగం వెనుకటి వేతనంతో తిరిగి పనిలోనికి తీసుకొనుమన్నది. మనిషిని అడిగి తెలుసుకొనవలెనన్న మాట అప్పటినుంచి బలపడినది.

వేతనంతో కూడిన సెలవు దయాధర్మం కాదని కూడ కార్మికులు తెలుసుకొనవలె. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం సంవత్సరంలో 240 దినాలు పనిచేసిన వయోజనునికి తరువాతి సంవత్సరంలో ప్రతి 20 పనిదినాలకు ఒక దినం చొప్పున వేతనపు సెలవు లెక్కకు వచ్చేది. అందుకు పదునైదు దినాలు ముందుగా వ్రాతమూలకంగా అడుగవలెనని, జబ్బు విషయంలో ఆ గడువు పట్టింపు లేదని ఆ చట్టమే చెప్పినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక భద్రతా కోడు ఆ 240ని 180కి తగ్గించినది. హక్కయినా అడిగియే తీసుకొనవలె. అడుగుటకు సరియైన మాట కావలె.

ఆ మాటను ఎట్లా గుర్తుపెట్టుకొనవలెనో ఆ కుర్రవానికి మేము చెప్పిన సూత్రమిది. ‘లీవ్’ అనే చోట ‘రుఖ్సత్’ పెట్టి చూడు. ‘ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్’ అంటే ‘రుఖ్సత్ దీజియే’, అర్థం కుదిరినది. ‘ఐ యామ్ ఆన్ లీవ్’ అంటే ‘మైఁ రుఖ్సత్ పర్ హూఁ’, కుదిరినది. ‘గ్రాంట్’, ‘టేక్’, ‘ఆన్’ వంటి మాటల వెంట వచ్చే లీవ్ ఒకరిచ్చేది. ‘ఐ’ పక్కనే వచ్చి కూర్చునే లీవ్ తాను చేసేది; అక్కడ రుఖ్సత్ ఇమడదు, ఛోడ్‌నా ఇముడుతుంది. ‘ఐ లీవ్’ అంటే ‘మైఁ ఛోడ్‌తా హూఁ’. ఇంగ్లీషు మీద అంత నమ్మకం లేకపోతే ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి, తిరిగివచ్చే తేదీని తప్పక వేయమన్నాము. తిరిగివస్తానన్న తేదీ ఉన్న కాగితాన్ని రాజీనామా అని చదువుట ఎవరికైనా కష్టం.

మరునాడు లేతు పనివాడు అతనిని వెంటబెట్టుకొని మేనేజరు దగ్గరకు వెళ్ళినాడని, ఆయన విని నవ్వి తిరిగి పనిలోనికి తీసుకొన్నారని మాకు కబురు తెలిసినది. మేము సంతోషించినాము. కొన్ని వారాలకు మళ్ళీ సూరారం వెళ్ళినప్పుడు మిగతా సంగతి తెలిసినది. తీసుకొన్నది కొత్తగా చేరినవానివలె. వెనుకటి రెండేళ్ళ సర్వీసు లెక్కలోనుంచి పోయినది. సెలవు దినాల లెక్క మళ్ళీ ఒకటినుంచి మొదలైనది. ఎనిమిది రోజుల జీతం సరేసరి. “పోనీ సాబ్, చెల్లెలి పెండ్లి బాగా జరిగినది” అని ఉర్దూలో అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మాకు తోచేది ఇది. భాష రాని అర్జీదారుకు మాట నేర్పుట ఒక సగం. ఆ అర్జీని చదివే మనిషికి కూడ ఒక సగం బాధ్యత ఉన్నది. చెల్లెలి పెండ్లి అని అదే కాగితం మీద ఉన్నది. పెండ్లికని ఎవరైనా ఉద్యోగం మానుకొంటారా అని గుమాస్తా ఒక్కమారు పిలిచి అడిగి ఉంటే, ఆ కుర్రవాడు ఒక్కమాటలో చెప్పి ఉండేవాడు. మన ఇండ్లలో పనిచేసేవారు, మన దుకాణాలలో, మన ఆఫీసులలో పనిచేసేవారు తమది కాని భాషలో ఒక ముక్క వ్రాసి ఇచ్చినప్పుడు, అక్షరంతోపాటు మనిషిని కూడ చదువుట మనకు కష్టమేమీ కాదు.

ఉర్దూవారికి రుఖ్సత్, ఇంగ్లీషువారికి లీవ్, మనకు సెలవు. మూడింటికీ అర్థం ఒకటే గనుక ఏ భాషలో అడిగినా శ్రోతలు కాదనరని మా నమ్మకం. ఇక సెలవు.